ఎయిర్‌పోర్టు సోదాల వెనక కథ



సెలవులు దగ్గర పడుతున్నాయి. ఈపాటికి చాలామంది ఇళ్ళల్లో సూట్‌కేసులు క్లాజెట్లోంచి బయటికొచ్చి, బాత్రూంలో ఉండాల్సిన తూకం మెషీను హాల్లోకి చేరి ఉంటుంది. ఇరవై మూడు కిలోల లెక్క సరిచూసుకోవడం, చాక్లెట్ల సంచీ ఇందులోంచి తీసి అందులో పెట్టడం మనకి అలవాటైన పనులే. ఎన్నిసార్లు చేసినా విసుగు తగ్గని పని ఇంకొకటుంది. సెక్యూరిటీ లైను. బెల్టు తియ్యి, సెల్లు ట్రేలో పెట్టు, చేతులు పైకెత్తి నిలబడు. చంటిపిల్ల ఏడుస్తూంటుంది, వెనకాయన గడియారం చూసుకుంటూంటాడు. ఆ లైన్లో నిలబడ్డ ప్రతివాడికీ ఒకటే సందేహం: ఇంత హడావిడి చేసి దీనివల్ల నిజంగా ఏమన్నా ప్రయోజనం ఉందా?

అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్పడం కష్టం. అసలీ లైను ఎలా పుట్టిందో, ఎలా పెరిగిందో చూస్తే కొంత తెలుస్తుంది. ఇవాళ ఆ కథ చెబుతాను.

ఒకప్పుడు అమెరికాలో విమానం ఎక్కడానికీ బస్సెక్కడానికీ పెద్ద తేడా ఉండేది కాదు. టికెట్టు చేత పట్టుకుని నేరుగా విమానం దగ్గరికి నడిచిపోవడమే. 1961 మే 1న మయామీ నుంచి కీ వెస్ట్ వెళ్ళే ఒక విమానాన్ని ఒకాయన బెదిరించి క్యూబాకి తీసుకుపోయాడు. అమెరికన్ కంపెనీ విమానం దారి మళ్ళడం అదే మొదలు. అక్కణ్ణుంచి అదొక అంటువ్యాధిలా పాకింది. 1968 నుంచి 1972 దాకా, అయిదేళ్ళలో, 130కి పైగా అమెరికన్ విమానాలు హైజాక్ అయ్యాయి. సగటున రెండు వారాలకొకటన్నమాట!

మరి ఎవరూ ఏమీ చెయ్యలేదా అంటే, చెయ్యనివ్వలేదు. ప్రయాణికులందరినీ సోదా చెయ్యడమనే మాట వస్తే విమాన కంపెనీలే అడ్డుపడ్డాయి. అందరినీ దొంగల్లా తడిమితే జనం విమానాలెక్కడం మానేసి కార్లలో పోతారని వాళ్ళ భయం. హైజాకర్ ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోవడం, మర్నాడు విమానాన్నీ మనుషుల్నీ వెనక్కి తెచ్చుకోవడం, వాళ్ళ లెక్కలో అదే చవక. పైలట్ల దగ్గర హవానా ఎయిర్‌పోర్టులో దిగడానికి కావలసిన మేపులు కూడా ఉంచారు. దక్షిణ ఫ్లోరిడాలో హవానా ఎయిర్‌పోర్టుకి నకలు ఒకటి కట్టి, హైజాకర్లని అక్కడ దించి మోసం చేద్దామన్న ఆలోచన కూడా వచ్చిందంటే, మన జానపద సినిమాల్లో మాయా నగరం సెట్టింగు గుర్తుకొస్తుంది నాకు.

ఆ లెక్క 1972 నవంబరులో తప్పింది. ముగ్గురు మనుషులు సదరన్ ఎయిర్‌వేస్ విమానాన్ని పట్టుకుని, కోటి డాలర్లు ఇవ్వకపోతే టెన్నెసీలో ఓక్ రిడ్జ్ అణు రియాక్టరు మీద కూల్చేస్తామన్నారు. విమానం ఒక రోజుకి పైగా ఊళ్ళూళ్ళు తిరిగి చివరికి హవానాలో ఆగింది. ఎవరూ ఊహించని మాట అది, విమానాన్నే బాంబుగా వాడటం. రెండు నెలలు తిరక్కుండా, 1973 జనవరి 5 నుంచి, ప్రతి ప్రయాణికుణ్ణీ ప్రతి చేతి సంచీనీ తనిఖీ చెయ్యాలన్న నియమం వచ్చింది. మనం నిలబడే లైనుకి పుట్టినరోజు అదే.

ఫలితం కనిపించింది. ఆ ఏడాదే అమెరికాలో హైజాకింగులు దాదాపు ఆగిపోయాయి. అదే ఫిబ్రవరిలో క్యూబాతో ఒప్పందం కూడా కుదిరింది కనక, ఘనత అంతా మెటల్ డిటెక్టర్లదే అనలేం. అయినా ఉద్రేకంలో తుపాకీ జేబులో పెట్టుకొచ్చే మనిషిని ఆపడానికి ఆ లైను పనికొచ్చిందనే నా అభిప్రాయం. ఇప్పటికీ పనికొస్తోంది. 2023లో అమెరికన్ ఎయిర్‌పోర్టుల తనిఖీల్లో 6,737 తుపాకులు దొరికాయి. వాటిలో నూటికి 93 గుళ్ళు నింపి ఉన్నవే. సంచీలో తుపాకీ ఉందన్న సంగతే మర్చిపోయామని చెప్పిన వాళ్ళు వీళ్ళలో కొల్లలు. కావాలని దాచి తెచ్చేవాళ్ళ సంగతే వేరు.

ఆ తేడా మొదటి నుంచీ తెలిసిందే. 1973లో ఈ తనిఖీల బాధ్యత ప్రభుత్వం తీసుకోలేదు, విమాన కంపెనీల నెత్తిన పెట్టింది. వాళ్ళు ఎవరు తక్కువకి చేస్తామంటే వాళ్ళకి కంట్రాక్టు ఇచ్చారు. ప్రభుత్వం మనుషులే ప్రయాణికుల్లా వెళ్ళి ఉత్తుత్తి ఆయుధాలతో పరీక్షిస్తే, 1978లో నూటికి 13 దొరక్కుండా పోయాయి. 1987లో 20 పోయాయి. అంటే పదేళ్ళ అనుభవం వచ్చాక ఇంకా అధ్వాన్నం అయిందన్నమాట. 2000లో అమెరికన్ కాంగ్రెసు ఆడిట్ సంస్థ ఒక నివేదిక ఇచ్చింది. 1998 మే నుంచి ఏడాదిపాటు 19 పెద్ద ఎయిర్‌పోర్టుల్లో చూస్తే, స్క్రీనర్లు సగటున ఏడాదికి 126 శాతం మారిపోయారు. ఒకచోట 416 శాతం! అంటే ఒకే కుర్చీలో ఏడాదిలో నలుగురు కూర్చుని లేచిపోయారు. కారణం వింత కాదు. అదే ఎయిర్‌పోర్టులో హేంబర్గర్లు అమ్మే కొట్లో జీతం ఇంకొంచెం ఎక్కువ వచ్చేది.

ఇక్కడ మన వాళ్ళకి సంబంధించిన ఒక విషయం కొంచెం వివరంగా చెప్పాలి. 1985 జూన్ 22న కెనడాలో వేంకూవర్ ఎయిర్‌పోర్టుకి ఎం. సింగ్ అనే పేరుతో టికెట్టున్న మనిషి వచ్చాడు. టొరాంటో దాకా సీటు ఖాయమయింది గాని, అక్కణ్ణుంచి ఎయిర్ ఇండియాలో వెయిటింగ్ లిస్టు. సీటు ఖాయం కాని మనిషి పెట్టెని నేరుగా ఢిల్లీకి పంపకూడదు. అతను పట్టుబట్టాడు, వాదించాడు. వెనక లైను పెరిగిపోతోంది. చివరికి కౌంటర్లో ఉన్నావిడ సరేనంది. పెట్టె ఎక్కింది, మనిషి ఎక్కలేదు.

టొరాంటోలో సామాను చూసే ఎక్స్‌రే మెషీను ఆరోజే చెడిపోయింది. చేత్తో పట్టుకుని వాసన పట్టే పరికరం ఒకటి తెచ్చి మిగతా పెట్టెలు చూశారు. అది పనికిరాదని అంతకు ముందు జరిపిన పరీక్షల్లోనే తేలింది. ఒక పెట్టె దగ్గర అది చిన్నగా కూత పెట్టింది కూడా. అగ్గిపుల్ల వెలిగించి చూపించినప్పుడు గట్టిగా కూసింది, ఇది అలా కూయలేదు కదా అని వదిలేశారు. పోలీసు జాగిలం ఉండాలి, కాని ట్రైనింగుకని వేరే ఊరు వెళ్ళింది. విమానాల్లో టైంబాంబులు పెట్టొచ్చునని ఎయిర్ ఇండియా జూన్ 1న పంపిన హెచ్చరిక టెలెక్స్ కాగితాల్లోనే ఉండిపోయింది. మర్నాడు పొద్దున్న ఐర్లండు తీరం దగ్గర సముద్రం మీద కనిష్క విమానం పేలిపోయింది. 329 మంది. అందులో చాలామంది వేసవి సెలవులకి తాతా అమ్మమ్మల్ని చూడటానికి బయల్దేరిన భారతీయ కుటుంబాల వాళ్ళు. దాదాపు అదే సమయానికి జపాన్‌లో నరిటా ఎయిర్‌పోర్టులో ఇంకో పెట్టె పేలి ఇద్దరు కూలీలు చనిపోయారు. కెనడా ప్రభుత్వం వేసిన కమిషను పూర్తి నివేదిక ఇచ్చేసరికి 2010 అయింది. పాతికేళ్ళు!

ఈ కథ మన ఇళ్ళల్లో పిల్లలకి చెప్పరు. లాకర్‌బీ గురించి తెలిసినంతగా కనిష్క గురించి మనకే తెలియదు. 1988 డిసెంబరు 21న స్కాట్లండులో లాకర్‌బీ అనే ఊరి మీద పాన్ యామ్ విమానం కూలి 270 మంది పోయారు. అక్కడా అదే పద్ధతి. రేడియో కేసెట్ ప్లేయర్లో బాంబు, మనిషి ఎక్కని పెట్టె. కనిష్క తర్వాత మూడున్నరేళ్ళకి.

లాకర్‌బీతో గాని ప్రపంచానికి ఒక పాఠం గట్టిగా తలకెక్కలేదు: పెట్టె ఎక్కితే మనిషి కూడా ఎక్కాలి. మనిషి విమానంలో ఉంటే తనతోపాటు తనే పోయే పని చెయ్యడు కదా! తర్కం బాగానే ఉంది. 2001 సెప్టెంబరు 11న ఈ తర్కమే ఎలా ఎదురు తిరిగిందో చూడండి.

ఆరోజు విమానాలెక్కిన 19 మంది హైజాకర్లలో సగానికి పైగా పేర్లని కంప్యూటరు ముందే అనుమానించింది. అనుమానించి ఏం చేసిందీ అంటే, వాళ్ళు సీట్లో కూర్చున్నారని తేలేదాకా వాళ్ళ పెట్టెల్ని విమానం ఎక్కించొద్దంది. అంతే. వాళ్ళు నిక్షేపంగా ఎక్కి కూర్చున్నారు, పెట్టెలూ ఎక్కాయి. వాషింగ్టన్ దగ్గర డల్లెస్ ఎయిర్‌పోర్టులో వీళ్ళలో కొందరు మెటల్ డిటెక్టర్ని మోగించారు. చేతి పరికరంతో తడిమి పంపేశారు. అప్పటి నియమాల ప్రకారం నాలుగు అంగుళాల కంటే పొట్టి కత్తి తీసుకెళ్ళడం తప్పు కాదు. అంటే ఆరోజు స్క్రీనరు కళ్ళకి కత్తి కనిపించినా, కొలిచి తిరిగి ఇచ్చేసి ఉండేవాడు. 1972లో ఓక్ రిడ్జ్ బెదిరింపు, 1974 ఫిబ్రవరిలో వైట్‌హౌస్ మీద కూలుస్తానని బాల్టిమోర్‌లో గార్డుని కాల్చి విమానంలోకి దూరిన మనిషి, 1994 డిసెంబరులో అల్జీర్స్‌లో హైజాక్ అయిన ఫ్రెంచి విమానం, ఇవన్నీ ఎవరికీ తెలియనివి కావు.

నేను 1990ల్లో మా అమ్మా నాన్నల్ని గేటు దాకా వెళ్ళి సాగనంపిన వాణ్ణి. విమానం కదిలేదాకా అద్దంలోంచి చెయ్యి ఊపేవాళ్ళం. 2001తో ఆ ముచ్చట పోయింది. ఆ నవంబరు 19న సంతకమైన చట్టంతో టి.ఎస్.ఎ. వచ్చింది, తనిఖీలు ప్రభుత్వం చేతికొచ్చాయి. స్క్రీనర్ల జీతాలు, ట్రైనింగు మెరుగయ్యాయి, ఆ మేరకి మంచి మార్పే. కాని ఆ తర్వాత పెట్టిన నియమాలు చూస్తే, దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు అనిపిస్తుంది. 2001 డిసెంబరు 22న ఒకడు బూటులో బాంబు పెట్టుకొస్తే, 2006 ఆగస్టులో అందరూ బూట్లు విప్పడం తప్పనిసరి అయింది. ద్రవాల సంగతి ఇంకా విచిత్రం. 1994 డిసెంబరులో ఫిలిప్పీన్స్ విమానంలో రంజీ యూసఫ్ అనేవాడు కాంటాక్ట్ లెన్సు మందు సీసాలో పేలుడు ద్రవం తెచ్చి, బాత్రూంలో బాంబు బిగించి, సీటు కింద పెట్టి మధ్యలో దిగిపోయాడు. ఒక జపాన్ ప్రయాణికుడు చనిపోయాడు. పన్నెండేళ్ళు గడిచాక, 2006 ఆగస్టు 10న లండన్‌లో అలాంటి కుట్ర బయటపడ్డాక గాని మన సీసాల మీద దృష్టి పడలేదు. ఆ కుట్ర పట్టుకున్నది ఎయిర్‌పోర్టు లైన్లో కాదు. పోలీసులు వారాల తరబడి వాళ్ళని వెంటాడి పట్టుకున్నారు.

100 మిల్లీలీటర్ల నియమం అలా వచ్చింది. అప్పటికి ఏడెనిమిది నెలల ముందే, 2005 డిసెంబరులో, నాలుగు అంగుళాల లోపు కత్తెరలు మళ్ళీ అనుమతించారు. అవును, అదే నాలుగు అంగుళాలు! 2007లో మా అత్తగారు మా ఇంటి నుంచి మా బావమరిది వాళ్ళ ఊరు బయల్దేరారు. చేతి సంచీలో కుట్టుపని సామాను, చిన్న కత్తెర, కొడుక్కని దాచిన ఆవకాయ సీసా. కత్తెర చూసి నవ్వుతూ వదిలేశారు. ఆవకాయ జెల్ కింద లెక్కట, చెత్తబుట్టలో పడేశారు. ఆవిడ నా వంక తిరిగి, "అదేంటి బాబూ, గుచ్చుకునేది వదిలేసి నాలిక్కి రాసుకునేది లాక్కున్నారు?" అన్నారు. దాంట్లో నిజంగా ప్రమాదం ఉందనుకుంటే, వందలమంది నిలబడ్డ చోట మామూలు చెత్తబుట్టలోకి ఎలా గిరాటెయ్యగలిగారని నా ప్రశ్న.

పొడుల వంతు 2018లో వచ్చింది. ఆ జూన్ 30 నుంచి విదేశాల నుంచి అమెరికా వచ్చే విమానాల్లో, చేతి సంచీలో 350 మిల్లీలీటర్లు మించిన పొడి ఏదన్నా ఉంటే విడిగా తీసి చూస్తారు. కందిపొడి, కారప్పొడి, నువ్వులపొడి తెచ్చుకునే మన జాతికి ఇంతకంటే పెద్ద దెబ్బ ఏముంటుంది చెప్పండి. ఎండు కొబ్బరి గొడవ వేరు. నూనె గుణం వల్ల దానంతటది వేడెక్కి అంటుకోగలదని విమానాల వాళ్ళ ప్రమాదకర వస్తువుల జాబితాలో ఉంది. అది ఉత్త చాదస్తం కాదు.

మన దేశంలోనూ ఇదే వరస. 1999 డిసెంబరు 24న ఖాట్మండులో బయల్దేరిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం కాందహార్ పోయింది. ఎనిమిది రోజులు దేశమంతా ఊపిరి బిగబట్టింది. ఆ తర్వాతే ఎయిర్‌పోర్టుల కాపలా పోలీసుల నుంచి సి.ఐ.ఎస్.ఎఫ్.కి మారడం మొదలయింది. 2000 ఫిబ్రవరిలో ముందు జైపూర్, తర్వాత మిగతావి. చేతి సంచీకి కట్టిన చీటీ మీద ముద్ర పడకపోతే విమానం ఎక్కనిచ్చేవారు కాదు, ఆ చీటీ ఊడిపోతే మళ్ళీ లైను మొదటికి. హైదరాబాదుతో సహా ఏడు పెద్ద ఎయిర్‌పోర్టుల్లో ఆ ముద్రలు 2017 ఏప్రిల్‌లో పోయాయి. ఇంకో తమాషా, ఎవరెవరిని సోదా చెయ్యకూడదో చెప్పే పెద్దల జాబితా. 2009 ఏప్రిల్‌లో ఆ జాబితాలో ఉన్న మాజీ రాష్ట్రపతి కలాం గారిని ఒక అమెరికన్ విమాన కంపెనీ సిబ్బంది ఢిల్లీలో తడిమి చూశారు. ఆయన మారుమాట్లాడకుండా బూట్లు విప్పి నిలబడ్డారు. గొడవ చేసింది ఆయన కాదు, జులైలో పార్లమెంటు. కంపెనీ క్షమాపణ చెప్పింది.

సరే, ఇంత పెద్ద యంత్రాంగం ఎందుకు తప్పులు చేస్తుంది? స్క్రీనర్లు బద్ధకస్తులని మనం తేలిగ్గా అనేస్తాం. నేనలా అనుకోను. మీరెప్పుడన్నా బియ్యంలో రాళ్ళు ఏరారా? రాళ్ళు ఎక్కువగా ఉన్న బియ్యమైతే కళ్ళు చురుగ్గా వెతుకుతాయి. పది చేటలకి ఒక్క రాయి ఉండే బియ్యమైతే ఆ ఒక్కటీ పంటి కిందకే వస్తుంది. హార్వర్డ్‌లో జెరెమీ వుల్ఫ్ అనే శాస్త్రవేత్త బృందం 2005లో సరిగ్గా దీన్నే కొలిచింది. వెతికే వస్తువు సగం బొమ్మల్లో ఉంటే, చూసేవాళ్ళు నూటికి 7 మాత్రమే వదిలేశారు. నూటికి ఒక్క బొమ్మలోనే ఉంటే, 30 వదిలేశారు. మనిషి కన్ను అంతే. ఎక్స్‌రే తెర ముందు కూర్చున్న మనిషికి అసలైన బాంబు జన్మలో ఒక్కసారి కూడా కనిపించదు. అందుకే కంప్యూటరు మధ్యమధ్యలో ఉత్తుత్తి ఆయుధాల బొమ్మలు తెర మీద వేస్తుంది, మన అమ్మలు బియ్యంలో కావాలని రాయి వేసి కోడలి చూపుని పరీక్షించినట్టు.

అయినా 2015 జూన్‌లో బయటపడ్డ సంగతికి అందరూ అదిరిపడ్డారు. ప్రభుత్వ తనిఖీ బృందాలే మారువేషంలో వెళ్తే 70 ప్రయత్నాల్లో 67 సార్లు ఆయుధాలు, ఉత్తుత్తి బాంబులు దాటిపోయాయి. నూటికి 95. 1978లో 13 అని బెంగపడ్డాం గుర్తుందా? పరీక్ష కఠినం చేస్తే మార్కులు తగ్గుతాయి నిజమే, కాని శత్రువు సులువు ప్రశ్నపత్రం ఇస్తాడని ఎవరు చెప్పారు? అప్పటి టి.ఎస్.ఎ. పెద్దని ఆ కుర్చీలోంచి వేరే చోటికి మార్చారు.

తాళాల సంగతి కూడా చెప్పి వదిలేస్తాను. మన పెట్టెలకి వేసే ఎర్ర గుర్తు తాళాలున్నాయే, వాటన్నిటినీ తెరిచే కొద్దిపాటి తాళంచెవులు టి.ఎస్.ఎ. దగ్గరుంటాయి. 2014లో ఒక పెద్ద పత్రికలో ఆ తాళంచెవుల ఫొటో పడింది. మర్నాటి ఏడాదికల్లా ఆ ఫొటో చూసి జనం త్రీడీ ప్రింటర్లలో చెవులు చేసుకున్నారు. మీ పెట్టెకి తాళం కంటే గట్టి తాడే మేలని మా నాన్నగారి తరం వాళ్ళు ఊరికే అనలేదు.

బ్రూస్ ష్నైయర్ అని ఒక భద్రతా నిపుణుడున్నాడు. ఇలాంటి పనులకి ‘భద్రతా నాటకం’ అని పేరు పెట్టింది ఆయనే. 2001 తర్వాత నిజంగా పనికొచ్చినవి రెండే అంటాడాయన. ఒకటి పైలట్ గది తలుపు గట్టిపరచడం, రెండు ప్రయాణికులు తిరగబడటం నేర్చుకోవడం. చరిత్ర చూస్తే చాలావరకు నిజమే. బూటు బాంబువాణ్ణి పట్టుకుని కట్టేసింది తోటి ప్రయాణికులు, విమాన సిబ్బంది. 2009 క్రిస్మస్ నాడు డెట్రాయిట్ విమానంలో లోదుస్తుల్లో బాంబు పెట్టుకొచ్చిన కుర్రాణ్ణి పట్టుకున్నదీ వాళ్ళే. ఆ కుర్రాడి తండ్రి నెల ముందే అమెరికన్ ఎంబసీకి వెళ్ళి, మావాడి తీరు బాగోలేదని చెప్పొచ్చాడు. కన్నతండ్రి వచ్చి చెప్పిన మాట కంప్యూటర్లో ఎక్కడో ఉండిపోయింది, ఫలితంగా మనం చేతులెత్తి స్కానర్లో నిలబడుతున్నాం. తలుపుల సంగతైనా పూర్తి మంచి అనలేం. 2015 మార్చిలో జర్మన్‌వింగ్స్ విమానంలో కో-పైలట్టే లోపల తాళం వేసుకుని కొండకి గుద్దేశాడు. కెప్టెన్ బయట తలుపు బాదుతూనే ఉన్నాడు. 150 మంది పోయారు.

నాకు కోపం సోదా చేసినందుకు కాదు. కనిష్కలో పోయిన వాళ్ళని తలుచుకుంటే ఆ పెట్టెని ఇంకో పది నిమిషాలు ఆపినా బాగుండేదనిపిస్తుంది. ఆరోజు పని చెయ్యని మెషీను గురించి, చదవని టెలెక్స్ గురించి అడగాల్సిన వాళ్ళని పాతికేళ్ళు అడగలేదు. మనల్ని మాత్రం ప్రతిసారీ బెల్టు తియ్యమని అడుగుతారు. నా కోపం అక్కడ.

2025 జులై 8న అమెరికాలో బూట్లు విప్పే నియమం ఎత్తేశారు. పందొమ్మిదేళ్ళపాటు కోట్ల మంది విప్పి తొడుక్కున్నాక, కొత్త మెషీన్లు వచ్చాయి కనక ఇక అక్కర్లేదన్నారు. ఆ ప్రకటనలో ద్రవాల సంగతి మారలేదు. కాబట్టి తిరుగు ప్రయాణంలో ఆవకాయని నాలుగు కవర్లు చుట్టి చెకిన్ పెట్టెలోనే పెట్టండి. పొడులు కూడా అందులోనే. ఎండు కొబ్బరి అసలు పెట్టకండి, ఇక్కడ ఇండియన్ స్టోర్సులో దొరుకుతుంది.

ఉంటాను. వచ్చే ఆదివారం మళ్ళీ కలుద్దాం.